సాల్మన్ వెంట: డీ నది నుంచి గాస్పే దాకా నా అనుభవం

నేను పట్టిన అట్లాంటిక్ సాల్మన్ ఒక్కటి కూడా ఇంటికి తేలేదు. పట్టిన చోటే, నీళ్ళలోనే ఉంచి, గాలం తీసి వదిలేశాను. మాది ధవళేశ్వరం. పుస్తెలమ్మైనా పులస తినాలనే చోట పుట్టినదాన్ని, పట్టిన చేపను వదిలేయడానికి సెలవు పెట్టి, డబ్బు కట్టి, దేశాలు తిరుగుతున్నానంటే మా చిన్నాన్నకి మింగుడు పడదు. "ఏమ్మా, ఈసారైనా కూర వండావా?" అని ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతాడు. "లేదు చిన్నాన్నా, వదిలేశాను" అంటే అటువైపు కాసేపు మాట ఉండదు. ఆయనకి ముక్కలు ముక్కలుగా చెప్పిందంతా ఒక్కచోట రాయాలనిపించి ఇది రాస్తున్నాను.

ఉద్యోగం నన్ను స్కాట్లాండ్‌లోని అబర్డీన్‌కి తెచ్చింది. నార్త్ సీ చమురు పనుల కోసం వచ్చిన తెలుగువాళ్ళు ఆ ఊళ్ళో ఎప్పుడూ కొందరు ఉంటారు. డీ నది సముద్రంలో కలిసేది అక్కడే. కెయిర్న్‌గార్మ్స్ కొండల్లో, బ్రేరియాఖ్ శిఖరం మీద పుట్టి, బాల్మోరల్ కోట పక్కనుంచి, బ్యాంకరీ మీదుగా 140 కిలోమీటర్లు పారి వస్తుంది. గోదావరి చూసిన కళ్ళకి మొదట అది నదిలా అనిపించలేదు. ఒక అక్టోబరులో ఆఫీసువాళ్ళు బ్యాంకరీ దగ్గర ఫ్యూఖ్ అనే ఉపనది మీదున్న జలపాతానికి తీసుకెళ్ళారు. వంతెన మీద నిలబడి కిందికి చూస్తే, నురగలోంచి చేతి పొడవు చేపలు పైకి ఎగురుతున్నాయి. బండకి తగిలి వెనక్కి పడుతున్నాయి, మళ్ళీ ఎగురుతున్నాయి. చిన్నప్పటి నుంచీ ఏటికి ఎదురీదే చేప గురించి వింటూ పెరిగాను గానీ, అది ఎదురీదడం కళ్ళతో చూసింది మాత్రం అక్కడే. అప్పటి నుంచి ఆ చేప నా ధ్యాసలోంచి పోలేదు.

ఆ చేప బతుకు తెలుసుకుంటే గాని మిగతా కథ అర్థం కాదు. శీతాకాలం మొదట్లో తల్లి చేప నది పైభాగంలో, పల్చగా పారే నీళ్ళ కింద గులకరాళ్ళను తోకతో తవ్వి గుడ్లు పెడుతుంది. పిల్లలు రెండు మూడేళ్ళు ఆ నదిలోనే పెరుగుతాయి. అరచేతి పొడవు అయ్యాక ఒక వసంతంలో వాటి ఒళ్ళు వెండిరంగుకి మారుతుంది, ఉప్పునీటికి తట్టుకునేలా శరీరమే మారిపోతుంది. అప్పుడు సముద్రంలోకి దిగి ఫారో దీవుల వైపు, నార్వే సముద్రంలోకి, కొన్నయితే గ్రీన్‌లాండ్ పడమటి తీరం దాకా వెళ్ళి మేస్తాయి. ఒక్క శీతాకాలం సముద్రంలో గడిపి వచ్చేవాటిని గ్రిల్స్ అంటారు. రెండు మూడు శీతాకాలాలు ఉండి వచ్చేవి ఐదు కిలోలు, పది కిలోలు తూగుతాయి. అంత దూరం పోయి కూడా పుట్టిన నదిని వాసన పట్టుకుని వెతుక్కుంటూ వస్తాయి. పసిఫిక్ సాల్మన్లు గుడ్లు పెట్టగానే చచ్చిపోతాయి. అట్లాంటిక్ సాల్మన్లలో మాత్రం కొన్ని బతికి, చిక్కి శల్యమై తిరిగి సముద్రానికి చేరతాయి. వాటిని కెల్ట్‌లు అంటారు.

అసలు సంగతి ఇంకొకటి ఉంది. నదిలోకి అడుగుపెట్టిన సాల్మన్ ఇక తిండి ముట్టదు. ఫిబ్రవరిలో వచ్చిన చేప నవంబరు దాకా ఒంట్లోని కొవ్వు మీదే బతుకుతుంది. మరి ఆకలి లేని చేప ఫ్లైని, అంటే గాలానికి ఈకలు, వెంట్రుకలు చుట్టి పురుగులా చేసిన ఎరని, ఎందుకు పట్టుకుంటుంది? కోపంతో అంటారు కొందరు. పిల్లగా ఉన్నప్పుడు ఈ నదిలోనే పురుగులు తిన్న అలవాటు ఇంకా పోలేదంటారు ఇంకొందరు. ఊరికే చూద్దామని నోటితో పట్టుకుంటుందంటారు మరికొందరు. చేతులు లేని జీవికి తడిమి చూడ్డానికి నోరే కదా, నాకు ఈ మూడోదే నిజమనిపిస్తుంది. ఆ చేప కోసం రోజంతా నడుము లోతు చన్నీళ్ళలో నిలబడే మనిషిని నడిపించేది కూడా ఈ ప్రశ్నే.

స్కాట్లాండ్‌లో సాల్మన్ పట్టడానికి ప్రభుత్వ లైసెన్స్ అక్కర్లేదు, ఒక్క ఇంగ్లండ్ సరిహద్దులోని ఎస్క్ నది దగ్గర తప్ప. కానీ నది యజమాని అనుమతి తప్పనిసరి. ఇక్కడ సాల్మన్ పట్టే హక్కు భూమితో సంబంధం లేని విడి ఆస్తి. పొలం ఒకరిది, పక్కన పారే నీళ్ళలో సాల్మన్ హక్కు ఇంకొకరిది కావచ్చు. నదిని బీట్లు అనే ముక్కలుగా పంచుకుంటారు. ఒక్కో బీట్‌లో రోజుకి ఇన్ని రాడ్లని లెక్క ఉంటుంది. పేరున్న బీట్లకి వసంతకాలంలో ధర గట్టిగానే ఉంటుంది, పైగా ఏళ్ళ తరబడి అదే వారానికి వచ్చేవాళ్ళు వదలరు. నాలాంటివాళ్ళకి దారి చూపించేది ఊళ్ళలోని ఆంగ్లింగ్ అసోసియేషన్లు, అంటే గాలంతో చేపలు పట్టేవాళ్ళ సంఘాలు. బ్యాలటర్‌లో డీ మీద, గ్రాంటౌన్‌లో స్పే మీద వాటి నీళ్ళున్నాయి, బయటివాళ్ళకి కూడా టికెట్ దొరుకుతుంది. సీజన్లు నదిని బట్టి మారతాయి. టే జనవరి 15న తెరుస్తారు, డీ ఫిబ్రవరి 1న, స్పే ఫిబ్రవరి 11న. డీ తెరిచే రోజున బ్యాంకరీలో బ్యాగ్‌పైపులు ఊది, నదిలో విస్కీ పోసి మొదలుపెడతారు. మంచు కురుస్తున్నా జనం వస్తారు. మనం గంగమ్మకి పసుపు కుంకుమలు ఇవ్వడం చూసినదాన్ని కాబట్టి నాకది చాలా దగ్గరగా అనిపించింది. ఆదివారాలు మాత్రం నది ఖాళీ. స్కాట్లాండ్‌లో ఆ రోజు సాల్మన్ పట్టడం చట్టరీత్యా నేరం.

కాస్టింగ్, అంటే లైన్ విసరడం, నేర్చుకున్నది గ్రాంటౌన్‌లో. రెండు చేతులతో పట్టుకునే పదమూడు, పదిహేను అడుగుల రాడ్ వాడతారు. ఒడ్డునే చెట్లు, వెనక గట్టు. లైన్‌ని వెనక్కి విసరడానికి చోటుండదు. అందుకే ఆ నది పేరుతోనే స్పే కాస్ట్ పుట్టింది. లైన్ కొస నీళ్ళకి అంటుకుని ఉంటుంది, మధ్యభాగం మన వెనక ఆంగ్ల అక్షరం 'డి' ఆకారంలో ఉబ్బుతుంది, ఆ బరువు రాడ్‌ని వంచుతుంది, రాడ్ దాన్ని ముందుకి విసురుతుంది. వినడానికి ఇంతే. చేతుల బలంతో పని కాదు, పైచెయ్యి దారి చూపిస్తే చాలు, లాగాల్సింది కిందిచెయ్యి. నేర్పిన పెద్దాయన ముందు పచ్చిక మీద, తర్వాత మోకాలి లోతులో, చివరికి నడుము లోతులో నిలబెట్టాడు. ఆయన నేర్పిన వాటిలో నేను ఎప్పుడూ దాటనిది గాలి నియమం. గాలి నది కిందనుంచి పైకి వీస్తుంటే సింగిల్ స్పే అనే విసురు. పైనుంచి కిందికి వీస్తుంటే డబుల్ స్పే. తారుమారు చేస్తే గాలం వచ్చి మొహానికి గుచ్చుకుంటుంది. కళ్ళజోడు, టోపీ లేకుండా ఎవరినీ నీళ్ళలోకి దిగనివ్వరు. లైఫ్‌జాకెట్, అడుగు తడిమి చూసుకునే కర్ర, చంక దాకా వచ్చే, నీళ్ళు దూరని వేడర్స్ కూడా ఉండాల్సిందే. స్పే నీళ్ళు చాలా వడి.

ఫ్లైలు కట్టడం చలికాలంలో నేర్చుకున్నాను. విల్లీ గన్, కాస్కేడ్, స్టోట్స్ టెయిల్, అల్లీస్ ష్రింప్ అని పేర్లు. వెంట్రుకలు, పట్టుదారం, జరీ పోగులు ఒక గాలానికి చుట్టడమే పని. ఒక సాయంత్రం క్లాసులో బల్ల మీద చిన్న ఈకలు పెట్టారు. నల్లటి ఈక మీద మైనం పూసినట్టు మెరిసే పసుపు చుక్క. 'జంగిల్ కాక్' అన్నారు. నేను గుర్తుపట్టాను. శ్రీశైలం దారిలో, నల్లమలలో పొద్దున్నే రోడ్డు దాటే బూడిదరంగు అడవికోడి పుంజు మెడ మీది ఈకలవి. బ్రిటిష్ కాలంలో మన దక్షిణాది అడవుల నుంచి ఈ ఈకలు ఓడల్లో ఇక్కడికొచ్చి, రాజుల, ప్రభువుల సాల్మన్ ఫ్లైలకి కళ్ళయ్యాయి. ఆ పక్షిని అడవిలో చంపడం, ఈకలు ఎగుమతి చేయడం ఎప్పుడో ఆపేశారు. ఇప్పుడు దొరికేవి ఇక్కడే పెంచిన కోళ్ళవి. అయినా ఆ రాత్రి నేను కట్టిన ఫ్లైకి రెండు వైపులా ఆ ఈకలే పెట్టాను. అప్పటిదాకా ఈ పని నాకు పరాయి దేశపు పనిగానే ఉండేది.

మొదటి సీజనంతా చేప పడలేదు. ఇందులో వింతేమీ లేదు, సాల్మన్ దగ్గర అందరికీ జరిగేదే. బీట్ మీద ఉండే గిల్లీ, అంటే నదిని చూసుకుంటూ వచ్చినవాళ్ళకి దారి చూపించే మనిషి, నాకు ఆ కాలంలో నీళ్ళు చదవడం నేర్పాడు. సాల్మన్ ఎక్కడంటే అక్కడ ఆగదు. వడి తగ్గే చోట, పెద్ద బండకి ముందూ వెనకా, మడుగు చివర నీళ్ళు పల్చబడి నున్నగా మారే చోట ఆగుతుంది. వాన పడి నది పొంగి, మళ్ళీ తీస్తున్నప్పుడు చేప కదులుతుంది. నీళ్ళు తొమ్మిది డిగ్రీల కంటే చల్లగా ఉంటే మునిగే లైన్, పెద్ద ఫ్లై. వేడెక్కితే తేలే లైన్, గోటి పొడవు ఫ్లై. ఈ తేలే లైన్ పద్ధతిని గత శతాబ్దం మొదటి భాగంలో ఇదే డీ నది మీద, కెయిర్న్‌టన్ బీట్‌లో ఆర్థర్ వుడ్ అనే ఆయన తీర్చిదిద్దాడు. ఆయన నిలబడిన నీళ్ళు ఇవాళ్టికీ చూపిస్తారు.

ఇక రోజంతా చేసే పని చాలా సరళం. నదికి అడ్డంగా, కొంచెం కిందికి విసరాలి. ప్రవాహం లైన్‌ని మన వైపు ఒడ్డుకి తిప్పుకొస్తుంది. ఫ్లై అలా ఈదుకుంటూ వచ్చి ఆగుతుంది. రెండడుగులు కిందికి వేసి మళ్ళీ విసరాలి. అలా మడుగు మొదటి నుంచి చివరిదాకా. చూసేవాళ్ళకి విసుగు. చేసేవాళ్ళకి మాత్రం ప్రతి విసురులోనూ ఇప్పుడే, ఇక్కడే అనిపిస్తుంది. నాకు ఆఫీసు టెన్షన్ అంతా నీళ్ళు మోకాలు దాటేసరికి పోయేది.

మే నెలలో ఒక పొద్దున, మబ్బు పట్టి ఉంది. గిల్లీ ముందే చెప్పి పెట్టాడు: "అమ్మాయ్, లైన్ బిగిస్తే రాడ్ ఎత్తకు. దాన్ని తిరగనివ్వు. రీల్ తిరిగాక ఎత్తు." ట్రౌట్ చేపకైతే వెంటనే ఎత్తాలి. సాల్మన్ ఫ్లైని నోట పట్టుకుని నెమ్మదిగా తన చోటుకి తిరుగుతుంది, అప్పుడే గాలం దవడ మూలలో పడుతుంది. తొందరపడితే నోట్లోంచి ఊడొస్తుంది. నల్లటి చిన్న స్టోట్స్ టెయిల్ మడుగు మధ్యలోకి వచ్చేసరికి లైన్ బరువెక్కింది. రాయేమో అనుకునేంత నెమ్మదిగా. తర్వాత రీల్ ఒక్కసారి కిర్రుమంది. నేను ఎత్తలేదు. గుండె చెవుల్లో కొట్టుకుంటుంటే ఎత్తకుండా ఉండడం నేను చేసిన కష్టమైన పనుల్లో ఒకటి. రీల్ తిరుగుతూనే ఉంది, అప్పుడు ఎత్తాను. చేప నదికి అడ్డంగా పోయి, ఒక్కసారి నీళ్ళలోంచి పైకి లేచింది. అంత వెండి ఎక్కడా చూడలేదు.

తర్వాత కిందికి పోయింది, నేను ఒడ్డు వెంట వెళ్ళాను, అది ఆగింది, నేను లాగాను, మళ్ళీ పోయింది. అలసిపోయేదాకా ఆడించకూడదని ఇక్కడ గట్టిగా చెబుతారు. వదిలేయాల్సిన చేపకి ఊపిరి మిగలాలి. గిల్లీ ముడులు లేని రబ్బరు వలలోకి తీసుకున్నాడు గానీ నీళ్ళలోంచి ఎత్తలేదు. తోక దగ్గర ఇంకా సముద్రపు పేలు, అంటే ఉప్పునీళ్ళలో చేప ఒంటిని పట్టే పరాన్నజీవులు, అంటుకుని ఉన్నాయి. మంచినీళ్ళలోకి వచ్చి ఒకటి రెండు రోజులే అయిందని దానర్థం. గాలానికి ఎదురుముల్లు ఉండదు, చిటికెలో వచ్చేసింది. తల ప్రవాహానికి ఎదురుగా ఉంచి, ఒక చెయ్యి తోక మొదట్లో, ఇంకో చెయ్యి పొట్ట కింద పెట్టి పట్టుకోమన్నాడు. నొక్కకూడదు. మొప్పలు ఆడుతున్నాయి. బలం తిరిగి రావడం చేతికి తెలుస్తుంది. ముందు తోక ఒకసారి కదిలింది, తర్వాత గట్టిగా విదిలించి వెళ్ళిపోయింది. నా మొహం మీద నీళ్ళు. నేను ఏడ్చాను. గిల్లీ ఏమీ అనకుండా నా చెయ్యి పట్టుకుని కరచాలనం చేశాడు. డీ మీద పట్టిన ప్రతి సాల్మన్‌నీ వదిలేయడం 1990ల నుంచే మొదలైంది. ఏప్రిల్ 1 లోపు పట్టినవాటినైతే స్కాట్లాండ్‌లో ఎక్కడైనా వదిలేయాల్సిందేనని చట్టమే ఉంది.

అక్కడితో ఆగి ఉండొచ్చు. కానీ గ్రీన్‌లాండ్ దగ్గర స్కాట్లాండ్ చేపా కెనడా చేపా ఒకే నీళ్ళలో మేస్తాయని చదివాక, ఆ సముద్రం అవతలి ఒడ్డు కూడా చూడాలనిపించింది. టొరంటోలో ఉన్న స్నేహితురాలితో కలిసి క్యుబెక్‌లోని గాస్పే ద్వీపకల్పానికి వెళ్ళాను. మాంట్రియల్ నుంచి కారులో రోజంతా ప్రయాణం. బోనవెంచూర్ నది చూసి నోట మాట రాలేదు. నీళ్ళు పచ్చగా, గాజంత తేటగా ఉన్నాయి. ఆరేడు అడుగుల అడుగున వరుసగా నిలబడిన సాల్మన్లు ఒడ్డు మీద నుంచి కనిపిస్తున్నాయి. డీ మీద నమ్మకంతో విసిరినదాన్ని, ఇక్కడ కళ్ళారా చూస్తూ విసిరాను.

క్యుబెక్ పద్ధతి నాకు చాలా నచ్చింది. అక్కడ చాలా నీళ్ళు ప్రజలవి. కొన్ని చోట్లకి లాటరీ తీస్తారు, కొన్ని చోట్లకి రోజు టికెట్ చాలు. ఎవరైనా రావచ్చు, ధర మామూలు ఉద్యోగస్తులకి అందుబాటులో ఉంటుంది. మడుగు దగ్గర వంతు పాటిస్తారు. ఒకరు దిగి చివరిదాకా వెళ్తే ఇంకొకరు మొదటి నుంచి దిగాలి. చేపలు కనిపిస్తున్నా ఎవరూ తోసుకోరు. సాల్మన్‌కి ఫ్లై తప్ప ఇంకే ఎరా వాడకూడదు. అక్కడ బాంబర్ అనే తేలే ఫ్లై వాడతారు, జింక వెంట్రుకలు చుట్టి కత్తిరించినది. దాన్ని చేప ముందు వదిలితే అది ప్రవాహంలో కొట్టుకుపోతుంది. చేప అడుగు నుంచి లేస్తుంది, దాని మూతి ఫ్లై కిందకి వస్తుంది, చూస్తుంది, తిరిగి దిగిపోతుంది. మళ్ళీ విసరాలి. ఒకే చేప అలా చాలాసార్లు లేచి, చివరికి నోరు తెరిచి మూసిన క్షణం నాకు ఇప్పటికీ కళ్ళముందు ఉంది. దవడ మూసుకునేదాకా రాడ్ ఎత్తకుండా ఉండడం డీ మీద కంటే కష్టం, ఎందుకంటే అంతా కనిపిస్తూ ఉంటుంది. ఆ చేప అరవై మూడు సెంటీమీటర్లు దాటిన పెద్దది. పెద్ద చేపకీ చిన్న చేపకీ మధ్య అక్కడి లెక్కలో అదే గీత. పక్కనే వంతు కోసం కూర్చున్న ముసలాయన వల పట్టుకుని నీళ్ళలోకి వచ్చి సాయం చేశాడు. ఆయనకి ఇంగ్లీషు రాదు, నాకు ఫ్రెంచి రాదు.

ఐస్‌లాండ్‌కి వెళ్ళినప్పుడు కెఫ్లావిక్ విమానాశ్రయంలో ముందు రాడ్లు, వేడర్స్ మందుతో శుభ్రం చేయించుకోవాలి. వేరే దేశపు నది నుంచి రోగం, పరాన్నజీవి రాకుండా. ఈ జాగ్రత్త ఎంత అవసరమో నార్వేని చూస్తే తెలుస్తుంది. గైరోడాక్టిలస్ అనే కంటికి కనిపించనంత చిన్న పరాన్నజీవి 1970లలో అక్కడికి చేరి ఎన్నో నదుల్లో సాల్మన్ పిల్లల్ని తుడిచిపెట్టింది. రేక్యవిక్ నగరం మధ్యలోంచి ఎల్లిదార్ అనే చిన్న నది పారుతుంది. వంతెన మీద కార్లు పోతుంటాయి, కింద సాల్మన్ ఉంటుంది. అక్కడ ఫ్లై మెడకి లైన్‌ని ఒక ముడి పక్కగా వేస్తారు. అప్పుడది నీటి మీద చిన్న గీత గీసుకుంటూ వస్తుంది. రాత్రి పదింటిదాకా వెలుతురు. నాకు చేప పడలేదు, రెండుసార్లు ఫ్లై వెనక నీళ్ళు ఉబ్బాయి, అంతే. ఆ ఉబ్బు చాలు ఇంకోసారి వెళ్ళడానికి.

ఐస్‌లాండ్ మనిషి ఒకరిని ఇక్కడ తలుచుకోవాలి. ఓర్రి విగ్ఫూసన్. సముద్రంలో వలలు వేసే జాలర్లతో తగాదా పెట్టుకోకుండా, వాళ్ళ హక్కుల్ని డబ్బిచ్చి కొని, వలలు వేయడం ఆపించిన మనిషి. 2017లో చనిపోయారు. జాలరి బతుకు కూడా చూసి చేసిన పని కాబట్టే అది నిలిచిందని నేననుకుంటాను. 2018లో గ్రీన్‌లాండ్ జాలర్లతో పన్నెండేళ్ళ ఒప్పందం కుదిరింది కూడా ఈ దారిలోనే. అమ్మకానికి పట్టడం ఆపి, తమ తిండికి మాత్రం పట్టుకుంటామని.

నార్వే ప్రయాణం వేరుగా జరిగింది. ట్రోన్‌హైమ్‌కి దక్షిణంగా పారే గౌలా నది మీద రోజులు బుక్ చేసుకున్నాను. 2024 జూన్‌లో చేపలు దారుణంగా తక్కువ వస్తున్నాయని ప్రభుత్వం సీజన్ మధ్యలోనే 33 నదులు మూసేసింది. గౌలా అందులో ఉంది. టికెట్లు కొని ఉన్నాను కాబట్టి రాడ్ ఇంట్లో పెట్టి వెళ్ళాను. ఒడ్డు మీద రోజంతా నడిచాను. మంచి ఎత్తులో, మంచి రంగులో నీళ్ళు పారుతున్నాయి, ఒక్క మనిషి లేడు. ఒక రైతు తన గుడిసెలు చూపించాడు. ప్రతి వేసవీ నిండేవి, ఆ ఏడు తాళాలేసి ఉన్నాయి. నష్టం గురించి అడిగితే, మూయడం సరైన పనే, ఇంకా ముందే మూయాల్సింది అన్నాడు.

1980లలో నార్వే తీరానికి ఏటా పది లక్షల పైచిలుకు సాల్మన్ తిరిగి వచ్చేవి. ఇప్పుడు అందులో సగం కూడా రావడం లేదు. అదే నార్వే ఏటా పది లక్షల టన్నులకు పైగా సాల్మన్‌ని సముద్రంలో వలల గూళ్ళలో పెంచుతుంది. గూళ్ళలో లక్షల చేపలుంటే సముద్రపు పేలు కూడా విపరీతంగా పెరుగుతాయి. నది నుంచి మొదటిసారి సముద్రానికి పోయే అరచేతి పొడవు పిల్లలు ఆ గూళ్ళ పక్కనుంచే పోవాలి, వాటికి ఆ పేలు పడితే బతకవు. గూళ్ళు తెగి తప్పించుకున్న పెంపుడు చేపలు నదుల్లోకి వచ్చి అడవి చేపలతో కలుస్తాయి. వేల ఏళ్ళుగా ఒక్కో నదికి సరిపడేలా కుదురుకున్న జాతి పలచబడిపోతుంది. 2023 ఆగస్టులో ఐస్‌లాండ్‌లో ఒక గూడు నుంచి మూడున్నర వేల చేపలు బయటపడితే, వాటిని నదుల్లోంచి ఏరడానికి నార్వే నుంచి ఈతగాళ్ళని పిలిపించారు. సూపర్ మార్కెట్‌లో దొరికే సాల్మన్ దాదాపు అంతా ఇలా పెంచిందే. దాన్ని తినేవాళ్ళని నేనేమీ అనను గానీ, నేను కొనడం మానేశాను.

స్కాట్లాండ్‌లో 2023లో రాడ్‌కి పడిన సాల్మన్లు 35 వేల లోపే. 1952లో లెక్కలు మొదలుపెట్టినప్పటి నుంచి అంత తక్కువ ఎన్నడూ లేదు. ఆ డిసెంబరులోనే ప్రకృతి పరిరక్షణకి పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ బ్రిటన్ సాల్మన్‌ని అంతరించే ప్రమాదమున్న జాతుల్లో చేర్చింది. టే నది దగ్గరికి వెళ్తే 1922లో జార్జీనా బాలంటైన్ అనే అమ్మాయి పట్టిన 64 పౌండ్ల చేప గురించి చెబుతారు. బ్రిటన్‌లో రాడ్‌తో పట్టిన సాల్మన్‌లలో ఇప్పటికీ అదే పెద్దది. రెండేళ్ళ తర్వాత డెవరన్ నదిలో ఫ్లైతో 61 పౌండ్ల చేప పట్టింది కూడా ఒక స్త్రీయే, మిసెస్ మోరిసన్. నదిలో ఆడవాళ్ళు తక్కువ కనిపిస్తారు కాబట్టి ఈ రెండు సంగతులూ నేను అందరికీ చెబుతుంటాను. అంత చేప మళ్ళీ ఎవరైనా చూస్తారా అంటే గిల్లీలు తల అడ్డంగా ఊపుతారు.

స్కాట్లాండ్‌లోని పిట్లొక్రీ ఊళ్ళో ఆనకట్ట పక్కన సాల్మన్ ఎక్కడానికి 34 మడుగుల మెట్లు కట్టారు. 1950ల మొదట్లో విద్యుత్తు కోసం ఆనకట్ట వేసినప్పుడే అదీ కట్టారు. ఒక్కో మెట్టూ ఎక్కి చేప పైకి పోతుంటే నిలబడి చూశాను. మా ఊరి బ్యారేజీ గుర్తొచ్చింది. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయింది, డెల్టా పచ్చబడింది, మేమంతా ఆ నీళ్ళతో బతికినవాళ్ళమే. పులస మాత్రం ఎక్కువగా దాని కిందే ఆగిపోతుంది, అక్కడే వలలకి దొరుకుతుంది, ఏటేటా తగ్గుతోంది, రేటు పెరుగుతోంది. చిన్నాన్నతో ఈ సంగతి మాట్లాడినప్పుడు ఆయన నన్ను కూర గురించి అడగలేదు. మన దగ్గర గుడ్లతో ఉన్న పులసకే గిరాకీ ఎక్కువని, పట్టేవాళ్ళకి ఆ నెలల్లో వేరే ఆదాయం చూపిస్తే గాని ఆపమని చెప్పలేమని తనే అన్నాడు. ఆయన జాలర్ల మధ్య పెరిగిన మనిషి, ఆ మాట నాకంటే ఆయనకే బాగా తెలుసు.

ఇప్పుడు నేను రాడ్ పట్టుకునే రోజులతో పాటు, డీ పైభాగంలో మొక్కలు నాటే రోజులు కూడా సెలవు పెడుతున్నాను. కొండల మీద జింకలు, గొర్రెలు మేసి చెట్లు లేకుండా పోయాయి. నీడ లేని వాగులు ఎండాకాలంలో వేడెక్కి సాల్మన్ పిల్లలు ఉక్కిరిబిక్కిరవుతున్నాయి. అందుకే నది సంస్థ వాగుల వెంట బిర్చ్, విల్లో, రోవన్, స్కాట్స్ పైన్ లక్షల్లో నాటిస్తోంది. జింకలు దూరకుండా కంచె వేయాలి, తుప్ప మట్టిలో పార దింపాలి, దోమలు కుడతాయి. నేను నాటిన విల్లోలు భుజం ఎత్తు వచ్చాయి.

బ్రిటన్‌లోనో కెనడాలోనో ఉండి ఇది మొదలుపెడదామనుకునేవాళ్ళకి నేను చెప్పేది కొంచెమే. ముందే ఖరీదైన రాడ్ కొనకండి. కాస్టింగ్ నేర్పేవాళ్ళ దగ్గర అద్దెకి దొరుకుతుంది. మొదట అసోసియేషన్ నీళ్ళకి వెళ్ళండి, కానీ ఒక్క రోజైనా గిల్లీ ఉన్న బీట్ తీసుకోండి. ఏళ్ళు పట్టే సంగతులు ఆయన ఒక పూటలో చూపిస్తాడు. జేబులో చిన్న థర్మామీటర్ పెట్టుకోండి. నీళ్ళు 20 డిగ్రీలకి చేరుతుంటే ఆ రోజుకి రాడ్ మడిచేయండి. అంత వేడిలో పట్టిన చేప, వదిలేసినా చాలాసార్లు బతకదు. కెనడాలో మిరమిషీ లాంటి నదుల్లో అంత వేడి వస్తే చల్లటి మడుగుల్ని ప్రభుత్వమే మూసేస్తుంది. స్కాట్లాండ్‌లో చాలాచోట్ల అది మన చేతుల్లోనే ఉంటుంది.